పదిమంది కలిసి సేంద్రియ తోట, నేల సంరక్షణ: బృందం కట్టడం నుంచి మూడో ఏడాది దాకా

మొక్కలు నాటే రోజున అందరూ వస్తారు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఎండలు ముదిరాక నీళ్లు ఎవరు పోస్తారు? కలుపు మోకాలెత్తు పెరిగాక ఎవరు తీస్తారు? కంపోస్ట్ కుప్ప వాసన కొడితే ఎవరు తిరగేస్తారు? ఎంతో ఇష్టంగా మొదలైన బృందాలు చెదిరిపోయేది ఎక్కువగా ఇక్కడే. అందుకే కింద చెప్పే ప్రతి పని దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోమంటాను: దీన్ని ఇవాళ మొదలుపెడితే, రేపటి నుంచి చూసుకునేది ఎవరు?

1. ముందు మనుషుల లెక్క, తర్వాతే స్థలం

చాలామంది స్థలం దొరికాక మనుషుల కోసం వెతుకుతారు. ముందు మనుషులను చూసుకోవడమే మేలు. ఇద్దరు ముగ్గురు కలిసి, చుట్టుపక్కల మట్టి పని మీద ఇష్టం ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ వెళ్లి కలవండి. "వస్తారా?" అని అడిగితే అందరూ వస్తామనే అంటారు. "వారంలో ఏ రోజు, ఏ వేళకి రాగలరు?" అని అడగండి. చెప్పిన గంటలన్నీ కూడి, అందులో సగమే చేతికి అందుతాయనుకుని ప్లాన్ వేయండి. ఎనిమిది మంది వారానికి రెండేసి గంటలు ఇస్తామంటే మీ దగ్గర నిజంగా ఉన్నవి ఎనిమిది గంటలు. దాంతో నాలుగైదు మడులు, ఒక కంపోస్ట్ కుప్ప బాగా చూసుకోవచ్చు. ఎవరైనా ఎకరం స్థలం ఇస్తామన్నా మొదటి ఏడాది ఒక మూల మాత్రమే తవ్వండి.

తోట పని తెలిసినవాళ్లే కావాలని లేదు. లెక్కలు రాసేవాళ్లు, పనిముట్లు బాగుచేయగలవాళ్లు, ఆఫీసులకు వెళ్లి ఓపిగ్గా మాట్లాడగలవాళ్లు, ఆ నేల ఇరవై ఏళ్ల కిందట ఎలా ఉండేదో గుర్తున్న పెద్దవాళ్లు కూడా కావాలి. వంగలేనివాళ్ల కోసం నడుం ఎత్తులో ఒక మడి కట్టండి. విత్తనాలు వలిచి శుభ్రం చేసే పని కూర్చునే చేసుకోవచ్చు.

మొదటి సమావేశం ఆరుబయట పెట్టండి, చేతికి ఏదో ఒక పని ఉండేలా చూడండి. నేనైతే రెండు గాజు గ్లాసులతో మొదలుపెట్టమంటాను. గ్లాసుల్లో నీళ్లు పోసి, బాగా ఎండిన రెండు మట్టిగడ్డలు తెండి. ఒకటి ఏళ్ల తరబడి ఎవరూ తవ్వని చెట్టు కిందది, రెండోది మాటిమాటికీ తవ్వి ఖాళీగా వదిలేసిన నేలది. రెండింటినీ ఒకేసారి నీళ్లలో వదలండి. ఖాళీ నేల గడ్డ సాధారణంగా కాసేపట్లోనే బుడగలు వదులుతూ విడిపోయి, అడుగున బురదలా కూర్చుంటుంది. చెట్టు కింది గడ్డ ఆకారం చెడకుండా నిలుస్తుంది, పైన నీళ్లు చాలావరకు తేటగానే ఉంటాయి. వేళ్లు, శిలీంధ్రాల సన్నని పోగులు, సూక్ష్మజీవులు వదిలే జిగురు కలిసి ఆ రేణువులను పట్టి ఉంచుతాయి. వాన పడినప్పుడు ఏ నేల కొట్టుకుపోతుందో, ఏది నీటిని లోపలికి తీసుకుంటుందో వచ్చినవాళ్లకు కళ్లముందే కనిపిస్తుంది. ఆ రోజు గ్లాసుల చుట్టూ మూగి ప్రశ్నలు వేసినవాళ్లను గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికి వచ్చేది వాళ్లే.

2. స్థలం గురించిన మాట కాగితం మీద ఉండాలి

1973లో న్యూయార్క్‌లో లిజ్ క్రిస్టీ, ఆమె మిత్రులు గ్రీన్ గెరిల్లాస్ అనే పేరుతో చెత్తతో నిండిన ఒక ఖాళీ స్థలాన్ని శుభ్రం చేసి తోట వేశారు. మరుసటి ఏడాది నగర యంత్రాంగం ఆ స్థలాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చింది. ఆ తోట ఇప్పటికీ ఆమె పేరుతో ఉంది. అదే దేశంలో, లాస్ ఏంజెలెస్‌లో సుమారు 350 కుటుంబాలు సాగు చేసుకున్న 14 ఎకరాల సౌత్ సెంట్రల్ ఫామ్‌ను 2006 జూన్‌లో ఖాళీ చేయించారు. స్థలం అప్పటికే చేతులు మారిపోయింది. ఏళ్ల తరబడి పెంచిన మట్టి మీద వాళ్లకు హక్కు లేకుండా పోయింది.

కాబట్టి యజమాని ఎంత మంచివారైనా, అది బడి అయినా ప్రార్థనా స్థలం అయినా, ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. కనీసం మూడేళ్ల గడువు అడగండి, అంతకంటే తక్కువలో నేల పెద్దగా మారదు. ఖాళీ చేయమంటే ఒక పంట చేతికొచ్చేంత వ్యవధి ఇవ్వాలని రాయించండి. నీళ్ల బిల్లు ఎవరిది, తాళం ఎవరి దగ్గర, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, షెడ్డు కట్టుకోవచ్చా, ఉన్న చెట్ల జోలికి వెళ్లొచ్చా అన్నవి తప్పనిసరి. కుళాయి లేని స్థలాన్ని మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. బిందెలతో మోసి తోట పెంచుతామనే పట్టుదల మొదటి ఎండాకాలం దాటదు.

3. తవ్వే ముందు నేలను తెలుసుకోండి

ఇంతకుముందు అక్కడ ఏముండేదో అడగండి. పాత ఇళ్లు కూల్చిన చోట, రద్దీ రోడ్ల పక్కన, వర్క్‌షాపులు నడిచిన చోట మట్టిలో సీసం ఉండే అవకాశం ఉంది. పాత పెయింట్ల నుంచి, ఒకప్పటి సీసం కలిపిన పెట్రోల్ పొగ నుంచి చేరిన ఆ లోహం కాలం గడిస్తే విరిగిపోయేది కాదు, అలాగే ఉండిపోతుంది. పిల్లల మెదడుకు ఇది చాలా చేటు. అనుమానం ఉంటే నాలుగైదు చోట్ల పైమట్టి తీసి కలిపి ల్యాబ్‌కు పంపండి. ఆ పరీక్షకయ్యే ఖర్చు దగ్గర వెనకాడొద్దు. సీసం ఉందని తేలితే శుభ్రమైన మట్టితో ఎత్తు మడులు కట్టుకోవచ్చు. అక్కడ దుంపలు, ఆకుకూరలకంటే కాయలు కాసే మొక్కలు మేలు. చేతులు, కూరలు బాగా కడగాలి. మడుల అంచులకు పాత రైల్వే స్లీపర్లు, టైర్లు, విషపు మందు పట్టించిన కలప వాడకండి.

మట్టి రకం తెలుసుకోవడానికి ఒక గాజు సీసా చాలు. మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు సబ్బు పొడి వేసి బాగా ఊపి పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రు రెండు మూడు గంటల్లో, బంకమట్టి ఒకటి రెండు రోజుల్లో. పొరల మందం కొలిస్తే నీళ్లు నిలుస్తాయా, ఇంకిపోతాయా అన్నది అర్థమవుతుంది. పీహెచ్ (మట్టి ఎంత పులుపో, ఎంత క్షారమో చెప్పే అంకె) కూడా చూడండి, చాలా కూరగాయలకు 6 నుంచి 7 మధ్య బాగుంటుంది. ఎండ ఎక్కడ ఆరు గంటలు పడుతుందో, వాననీరు ఎటు పారుతుందో గీసుకున్న పటం ఒకటి షెడ్డు గోడకు అంటించండి.

4. మొదటి ఉమ్మడి పని కంపోస్ట్

నా అభిప్రాయంలో బృందాన్ని కట్టి ఉంచేది కంపోస్టే. సొంత మడి లేనివాళ్లు కూడా వంటింటి చెత్త తెచ్చి భాగం పంచుకుంటారు. కొన్ని నెలల్లో ఫలితం చేతికొస్తుంది. ఒకేలాంటి మూడు అరలు కట్టండి: ఒకటి నింపుతున్నది, ఒకటి మాగుతున్నది, ఒకటి వాడుతున్నది. ఒక్కో అర కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉండాలి. అంతకంటే చిన్న కుప్పలో వేడి నిలవదు.

కూరగాయల తొక్కలు, పచ్చి గడ్డి, కాఫీ పొడి పిప్పి, పేడ లాంటి పచ్చి సరుకులో నత్రజని ఎక్కువ. ఎండుటాకులు, వరిగడ్డి, అట్టముక్కలు, రంపపు పొట్టు లాంటి ఎండు సరుకులో కార్బన్ ఎక్కువ. మొత్తం మీద నత్రజని ఒక పాలుంటే కార్బన్ 25 నుంచి 30 పాళ్లు ఉండాలి. తూకం వేయనక్కర్లేదు, ఒక బకెట్ పచ్చి సరుకుకు రెండు మూడు బకెట్ల ఎండు సరుకు వేస్తే దాదాపు సరిపోతుంది. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువ, చేయి పొడిగానే ఉంటే నీళ్లు చల్లాలి.

సరిగా పేర్చిన కుప్ప రెండు మూడు రోజుల్లో వేడెక్కుతుంది. పొడవాటి కాడ ఉన్న థర్మామీటర్ ఒకటి కొనండి. నడిమధ్యలో 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లాలి. ఆ వేడికి రోగకారక క్రిములు, చాలా కలుపు విత్తనాలు చస్తాయి. వేడి తగ్గినప్పుడు తిరగేసి, అంచున ఉన్నది మధ్యకు వేయండి. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ అక్కడి రైతుల అనుభవాన్ని గమనించి ఇలా పొరలు పేర్చి తిరగేసే పద్ధతిని క్రమబద్ధం చేశారు. ఇండోర్ పద్ధతి అనే పేరు అలా వచ్చింది.

కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి ఆడటం లేదన్నమాట, ఎండు సరుకు కలిపి తిరగేయండి. ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే పచ్చి సరుకు ఎక్కువైంది. అసలు వేడెక్కకపోతే కుప్ప చిన్నదై ఉండాలి, లేదా పొడిగా ఉండాలి. మాంసం, నూనె, పాల పదార్థాలు, కుక్క పిల్లి మలం వద్దు. వంటింటి చెత్తను ప్రతిసారీ మధ్యలో గుంట చేసి పూడ్చి, పైన ఎండుటాకులు కప్పాలి. ఈ ఒక్క అలవాటు తప్పితే ఎలుకలు చేరతాయి, ఇరుగుపొరుగుతో గొడవలు మొదలవుతాయి. ఈ సంగతి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

బయటి నుంచి పేడ, గడ్డి తెచ్చుకుంటే ఒక జాగ్రత్త ముఖ్యం. అమినోపైరలిడ్, క్లోపైరలిడ్ లాంటి కలుపు మందులు పశువు కడుపులోంచి వచ్చినా, కంపోస్ట్ వేడిని దాటినా విరిగిపోకుండా ఉండగలవు. తెచ్చిన సరుకు కలిపిన మట్టిలో మూడు కుండీలు, మామూలు మట్టిలో మూడు కుండీలు పెట్టి చిక్కుడు గింజలు వేయండి. మూడు వారాలు చూడండి. మొదటి వాటిలో మాత్రం కొత్త ఆకులు దొప్పల్లా ముడుచుకుని, కాడ మెలితిరిగితే ఆ సరుకు తోటలోకి రానివ్వొద్దు. పచ్చి పేడకు ఇంకో నియమం ఉంది. అమెరికా సేంద్రియ ప్రమాణాల ప్రకారం, తినే భాగం మట్టికి తగిలే పంటలకు కోతకు 120 రోజుల ముందు, తగలని వాటికి 90 రోజుల ముందు వేయడం ఆపేయాలి. ఎక్కడున్నవాళ్లైనా దీన్ని పాటించడం మంచిది.

పొడిగా ఉన్న కంపోస్ట్ దుమ్ము పీల్చకూడదు. కొద్దిగా తడిపి, మాస్క్ కట్టుకుని పని చేయండి.

5. మడులు, నీళ్లు

మడి వెడల్పు 1.2 మీటర్లు దాటకూడదు, అప్పుడే రెండు వైపుల నుంచీ మధ్యకు చేయి అందుతుంది, మట్టిని తొక్కాల్సిన పని ఉండదు. గడ్డి పెరిగిన చోట తవ్వకుండానే అట్టలు పరిచి, తడిపి, పైన కంపోస్ట్ వేసి మొదలుపెట్టొచ్చు. మొక్కల చుట్టూ ఆకులో, వరిగడ్డో 5 నుంచి 8 సెంటీమీటర్లు పరవండి. కాండానికి మాత్రం తగలనీయొద్దు, తడికి అక్కడ కుళ్లు పడుతుంది.

వాననీటి లెక్క తేలిక: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇరవై చదరపు మీటర్ల షెడ్డు కప్పు మీద పది మిల్లీమీటర్లు కురిస్తే సుమారు 200 లీటర్లు, అందులో కొంత పోతుంది. డ్రమ్ము కొనే ముందు ఈ లెక్క వేసుకోండి. డ్రమ్ముకు మూత, వల ఉండాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

నీళ్ల వంతులు పేర్లతో సహా రాసి పెట్టండి. "ఎవరో ఒకరు పోస్తారు" అనుకున్న వారంలోనే మొక్కలు ఎండుతాయి. ఊరెళ్లేవాళ్లు తమ వంతుకు మనిషిని తామే చూసుకుని వెళ్లాలన్నది మొదటి నియమంగా పెట్టుకోండి.

6. పురుగు కనిపిస్తే ఏం చేయాలో ముందే రాసుకోండి

బృందాల్లో పెద్ద తగాదాలు మందు చల్లే దగ్గరే వస్తాయి. ఒకరు తన మడి పాడవుతోందని టెన్షన్ పడతారు, ఇంకొకరు ఏదీ చల్లొద్దంటారు. ఆ రోజు వచ్చాక చర్చ పెడితే ఎవరూ వినే స్థితిలో ఉండరు. మెట్లు ముందే రాసుకోండి: ముందు ఆ పురుగు ఏదో గుర్తించడం, తర్వాత వారం ఆగి చూడటం, చేత్తో ఏరడం లేదా నీటి ధారతో కొట్టడం, వల కప్పడం, చివరగా ఇద్దరు బాధ్యుల అనుమతితో, మీ జాబితాలో ఉన్న మందు మాత్రమే.

వారం ఎందుకు ఆగాలో ఒక ఆకు తిప్పి చూపించండి. చిక్కుడు లేత చిగురు కింద పచ్చగా పేనుబంక పట్టి ఉంటుంది. దగ్గరగా చూస్తే వాటి మధ్య కొన్ని కదలకుండా, ఉబ్బిపోయి, లేత గోధుమ రంగులో మెరుస్తూ కనిపిస్తాయి. కొన్నింటి వీపు మీద గుండ్రటి చిన్న కన్నం ఉంటుంది. చీమకన్నా చిన్నదైన ఒక పరాన్నజీవి కందిరీగ వాటిలో గుడ్డు పెట్టింది. పిల్ల లోపలే తిని పెరిగి, ఆ కన్నంలోంచి ఎగిరిపోయింది. పక్కనే నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలతో పాకే పురుగు ఉంటే, దాన్ని చంపేవాళ్లే ఎక్కువ. అది అక్షింతల పురుగు పిల్ల, రోజూ పదుల కొద్దీ పేనుబంకను తింటుంది. ఈ మేలు చేసే పురుగులు ఎప్పుడూ చీడ వచ్చిన కొన్నాళ్లకే చేరుకుంటాయి. ఆ లోపు మందు కొడితే చచ్చేది ఇవి కూడా, తిరిగి ముందు పుంజుకునేది చీడే. చీమలు బారులు కట్టి ఉంటే మాత్రం వాటిని ఆపాలి, తీపి జిగురు కోసం అవి పేనుబంకకు కాపలా కాస్తాయి.

సేంద్రియం అని రాసి ఉన్నదల్లా మెత్తనిది కాదు. చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రం తేనెటీగలనూ చంపుతుంది. రాగి మందులు మట్టిలో పేరుకుపోయి వానపాములకు చేటు చేస్తాయి. బాక్టీరియాతో చేసే బీటీ మందు సీతాకోకచిలుకల గొంగళ్లకు, పంటను తినే గొంగళ్లకు తేడా చూపదు. వేపనూనె అయినా పూత మీద వద్దు, సాయంత్రం తేనెటీగలు వెళ్లాక, ముందు రెండు ఆకుల మీద చల్లి చూసి వాడాలి. కలుపు చావడానికి ఉప్పు చల్లమనే సలహా ఎక్కడ విన్నా పక్కన పెట్టండి, నేల దెబ్బతింటుంది.

7. మడుల అవతలి నేల

వాగు ఒడ్డు, పొదలు, రోడ్డు వారన వదిలేసిన ముక్క, ఇవన్నీ బృందం చూసుకోగల నేలలే. ఇక్కడ అందరికీ వచ్చే మొదటి ఆలోచన, పిచ్చిమొక్కలు బాగా దట్టంగా పెరిగిన చోట దాడి చేయడం. సిడ్నీలో 1960లలో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కాచెల్లెళ్లు దీనికి ఎదురు దారి చూపించారు. స్థానిక మొక్కలు ఇంకా బాగున్న చోట మొదలుపెట్టి, అక్కడి కొద్దిపాటి కలుపు చేత్తో తీసి, నెమ్మదిగా చెడిన వైపుకు జరగాలి. మట్టిని వీలైనంత తక్కువ కదపాలి. స్థానిక మొక్కలు తమంతట తాము ఎంత వేగంగా తిరిగి వస్తాయో అంతకుమించి కలుపు తీయకూడదు. ఒక్కసారిగా ఖాళీ చేసిన నేలలో మొదట మొలిచేది మళ్లీ కలుపే. బృందం గంటలు తక్కువ ఉన్నప్పుడు ఈ పద్ధతి విలువ ఇంకా తెలుస్తుంది.

వాగు ఒడ్డున మొక్కలను వేళ్లతో పీకొద్దు. మొదలు దగ్గర కోసి, వేళ్లను అలాగే వదిలి, కొత్త మొక్కలు పట్టుకునేదాకా ఆగండి. పొదలు కొట్టే ముందు గూళ్లు ఉన్నాయేమో చూడండి. ఎండిన మొద్దులు, రాలిన ఆకులు ఒక మూలన ఉండనివ్వండి. అడవి తేనెటీగ జాతుల్లో దాదాపు 70 శాతం నేలలో గూడు కట్టేవే, అందుకని ఎండ తగిలే చోట కొంత నేల ఏమీ కప్పకుండా వదలండి. చుట్టుపక్కల వాళ్లకు ఇది శుభ్రం చేయని చోటులా అనిపిస్తుంది. అంచు వెంబడి ఒక దారి కత్తిరించి, ఎందుకు వదిలామో చిన్న బోర్డు పెడితే ఫిర్యాదులు తగ్గుతాయి.

చెట్లు నాటితే చిన్న మొక్కలే తెండి. పెద్ద మొక్కకన్నా అవి త్వరగా వేరు పట్టుకుంటాయి. కాండం వెడల్పయ్యే చోటు నేల మట్టానికే ఉండాలి, లోతుగా పాతొద్దు. రెండు ఎండాకాలాలు నీళ్లు పోయగలిగినన్ని చెట్లే నాటండి.

8. సొంత విత్తనం

రెండో ఏడాది నుంచి ప్రయత్నించండి. చిక్కుడు, బఠాణీ, టమాటా, లెట్యూస్ ఎక్కువగా స్వపరాగ సంపర్కంతో, అంటే తమ పుప్పొడితోనే కాస్తాయి కాబట్టి కొత్తవాళ్లు వీటితో మొదలుపెట్టొచ్చు. ఎఫ్1 హైబ్రిడ్ (రెండు రకాలను కలిపి తయారుచేసిన మొదటి తరం) నుంచి తీసిన విత్తనం అదే గుణం ఇవ్వదు. గుమ్మడి జాతులు తేనెటీగల వల్ల, మొక్కజొన్న గాలి వల్ల కలిసిపోతాయి. అలా కలిసిన గుమ్మడి, సొర లాంటి కాయ చేదుగా ఉంటే ఒక్క ముక్క కూడా తినకూడదు, ఆ చేదు విషం కావచ్చు. గోరుతో నొక్కినా గుంట పడనంతగా గింజ ఎండాలి. పొట్లం మీద రకం పేరు, ఏడాది, ఏ మడిలోదో రాసి, చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే చోట దాచండి. తీసుకున్నవాళ్లు పంట తర్వాత తిరిగి ఇవ్వాలని నియమం పెట్టుకోవచ్చు. కానీ ఇవ్వనివాళ్లను వెంటపడి అడగకండి, నిల్వ కోసం ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులు ప్రతి రకాన్నీ పెంచుతుంటే చాలు.

9. బృందం నడక

ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళ. ఇద్దరే వచ్చినా ఆ రోజు పని జరగాలి. డబ్బు లెక్క ఎవరు అడిగినా చూపించేలా ఒకే పుస్తకంలో, ఖర్చుకు రెండు సంతకాలతో ఉండాలి. ఇంకో నోట్‌బుక్‌లో తేదీ, వచ్చినవాళ్లు, చేసిన పని, వాన, కనిపించిన పురుగులు రాయండి. ఏడాదికోసారి ఒకే చోట నిలబడి ఒకే వైపు ఫోటో తీయండి. తడి నేలలో 20 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో ఒక గుంట తవ్వి, ఆ మట్టిలో వానపాములను లెక్కించి తిరిగి పూడ్చండి. ప్రతి ఏడాదీ అదే కాలంలో, అదే మడిలో లెక్కిస్తేనే పోలికకు పనికొస్తుంది.

పంట అమ్మాలనుకుంటే మీ దేశంలో "సేంద్రియ" అనే మాట వాడటానికి ఏ నియమాలున్నాయో ముందే చూసుకోండి. చాలా చోట్ల ధ్రువీకరణ లేకుండా అలా అమ్మకూడదు. ఒకరి పొలాలను ఒకరు తనిఖీ చేసుకునే పార్టిసిపేటరీ గ్యారంటీ పద్ధతిని కొన్ని దేశాలు గుర్తించాయి, చిన్న బృందాలకు అదే అనువు.

మూడో ఏడాదికి, మొదలుపెట్టినవాళ్లు ఒక్కో బాధ్యతా వదులుకోవాలి. ప్రతి పనికీ పక్కన నేర్చుకునే మనిషి ఒకరుండాలి. తాళం ఎక్కడుంది, నీళ్ల బిల్లు ఎలా కట్టాలి, ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది అన్నవి ఒకరి తలలో మాత్రమే ఉండకూడదు. బృందం ఆగిపోతే పనిముట్లు ఎవరికి, విత్తనాలు ఎవరికి, మిగిలిన డబ్బు దేనికి అన్నది అందరూ కలిసి ఉన్న మొదటి ఏడాదిలోనే రాసి సంతకాలు పెట్టుకోండి. స్థలం తిరిగి ఇవ్వాల్సి వస్తే కంపోస్ట్, పైమట్టి, ఏళ్ల తరబడి బతికే మొక్కలు తీసుకెళ్లే హక్కు, దానికి ఎన్ని వారాల వ్యవధి అన్నవి కూడా అదే కాగితంలో చేర్చండి.